రైడ్ జరిగింది సరే... ఆ అమ్మాయి ఏమైంది?

చెల్లెళ్లూ, ఈసారి మన ముచ్చట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మామూలుగా వ్యభిచారం మాట వస్తే మనం గొంతు తగ్గించేస్తాం, పిల్లలు వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తాం. కానీ పక్క వీధిలో ఏ మసాజ్ సెంటర్ మీదో, మన అపార్ట్‌మెంట్‌లోనే ఎవరో అద్దెకు తీసుకున్న ఫ్లాట్ మీదో పోలీసులు రైడ్ చేశారనుకోండి, ఇక ఆ రోజంతా అదే మాట. కూరగాయల బండి దగ్గరా అదే, స్కూల్ బస్సు కోసం నిలబడినచోటా అదే.

"మంచి పని చేశారు, పీడ విరగడైంది" అంటారు కొందరు. "కాలనీ పరువు గంగలో కలిసింది" అని ఇంకొందరి బాధ. "పోలీసులకు మామూళ్లు అంది ఉండవు, అందుకే ఈ హడావుడి" అని మగవాళ్ల తీర్పు. "నాలుగిళ్లలో పాచిపని చేసుకున్నా బతకొచ్చుగా, ఇదేం ఖర్మ?" అనే మాట మాత్రం ఎక్కువగా మన ఆడవాళ్ల నోటి నుంచే వస్తుంది. వీటన్నిటికంటే ముందు వాట్సాప్‌లో ఒక ప్రశ్న వచ్చేస్తుంది: "వీడియో ఉందా? పంపు."

ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మెట్ల మీద నుంచి ముగ్గురో నలుగురో అమ్మాయిలు దిగుతుంటారు. చున్నీని ముఖమంతా చుట్టేసుకుని, దారి కనిపించక ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుస్తుంటారు. ఒకమ్మాయికి చున్నీ కూడా ఉండదు, రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. కెమెరా ఆమె వెంటే పడుతుంది, చేతుల సందులోంచి కళ్లయినా కనిపిస్తాయేమోనని కిందికీ పైకీ వంగుతుంది. వెనకాల బాల్కనీల నిండా ఫోన్లు పట్టుకున్న చేతులే. అదే ఫ్రేములో ఓ మూల ఒక మగమనిషి తలవంచుకుని జారుకుంటూ ఉంటాడు. అతని మీద కెమెరా రెండు క్షణాలు కూడా నిలవదు.

అక్కగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ వీడియో చూసి మనకేం తెలిసింది? ఆ ఇల్లు నడిపిందెవరో తెలిసిందా? ఆ పిల్లల్ని ఏ ఊరి నుంచి ఏం చెప్పి తెచ్చారో తెలిసిందా? నెలకు లక్షల్లో ఎవరు తిన్నారో తెలిసిందా? తెలిసింది ఒక్కటే, ఆ అమ్మాయి కట్టుకున్న బట్టల రంగు. ఆ రంగు చాలు, ఊళ్లో ఉన్న తల్లో తమ్ముడో గుర్తుపట్టడానికి.

చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం. మన దేశంలో ఈ వ్యవహారాలకు 1956 నాటి చట్టం ఉంది, వ్యభిచార నిరోధక చట్టమని పత్రికలు రాసేది దాన్నే. అది ప్రధానంగా గురిపెట్టింది వ్యాపారం మీద. వ్యభిచార గృహం నడపడం నేరం. తెలిసి తెలిసీ ఆ పనికి తన ఇల్లు అద్దెకివ్వడం నేరం. ఇంకొకరి ఒళ్లమ్మిన డబ్బు మీద బతకడం, ఆడపిల్లల్ని తెచ్చి ఇందులోకి దించడం, బంధించి ఉంచడం, ఇవన్నీ నేరాలే. వీధిలో నిలబడి పిలవడం, గుడికీ బడికీ దగ్గర్లో ఈ పని చేయడం కూడా నేరమే అనుకోండి. కానీ నాలుగు గోడల మధ్య, ఎవరి బలవంతమూ లేకుండా, ఒక వయసొచ్చిన ఆడమనిషి చేసినదాన్ని ఆ చట్టం నేరమనలేదు. మన నోళ్లు మాత్రం మొదట ఆమెకే శిక్ష వేస్తాయి.

రైడ్‌కీ ఒక పద్ధతి పెట్టింది ఆ చట్టం. సోదాకు వెళ్లే అధికారి వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. ఆ ప్రాంతంలోని పెద్దమనుషుల్లో ఇద్దర్ని సాక్షులుగా పిలవాలి, వాళ్లలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. ఆ అమ్మాయిల్ని ప్రశ్నించాల్సింది మహిళా పోలీసే. ఆ తర్వాత మేజిస్ట్రేటు ముందు హాజరుపరిస్తే, ఆయన విచారణ జరిపించి ఇంటికి పంపాలా, హోమ్‌కు పంపాలా అన్నది తేలుస్తారు. ఆ విషయంలో సాయానికి అయిదుగురిని పిలుచుకోవచ్చు, వీలైనంతవరకు అందులో ముగ్గురు ఆడవాళ్లుండాలి. చూశారా, ప్రతి మెట్టు మీదా ఒక ఆడమనిషి తోడుండాలనే ఆ చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. సాక్షిగా రమ్మంటే "మాకెందుకండీ" అని తలుపేసుకునే మనమే, తర్వాత బాల్కనీలో ఫోన్ పట్టుకుని నిలబడుతున్నాం.

సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి చాలా స్పష్టంగా చెప్పింది. 1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్‌ను దారుణంగా చంపేశారు. ఆ హత్య కేసు చివరికి దేశంలోని ఇలాంటి ఆడవాళ్లందరి బతుకు గురించిన కేసుగా మారింది. 2022 మే 19న, మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం అందులో ఆదేశాలిచ్చింది. పోలీసులు వాళ్లను గౌరవంగా చూడాలి, నోటితో గానీ చేతితో గానీ హింసించకూడదు. రైడ్ జరిగినా, అరెస్టు చేసినా, కాపాడి తీసుకొచ్చినా, ఆ మహిళ బాధితురాలైనా నిందితురాలైనా సరే, ఆమె ఎవరో బయటపడే ఫొటో వేయకూడదు. ఆ మేరకు పత్రికలకు మార్గదర్శకాలివ్వాలని ప్రెస్ కౌన్సిల్‌కు చెప్పింది. పత్రికలకే ఆ హద్దు ఉన్నప్పుడు, మన కాలనీ గ్రూపుకు మాత్రం ఎందుకుండకూడదు?

ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 2014లో హైదరాబాద్‌లో ఒక హోటల్ మీద జరిగిన రైడ్‌లో ఒక యువనటిని పట్టుకున్నారు. పేరు నేను రాయను, మీకు గుర్తొచ్చినా పైకి అనకండి. గంటల్లో ఆమె ఫొటో దేశమంతా తిరిగింది. ఆర్థిక ఇబ్బందుల వల్లే ఇలా చేశానని ఆమె ఒప్పుకున్నట్టు ఒక ప్రకటన కూడా తిరిగింది. చాలామంది జాలిపడ్డారు, చాలామంది నీతులు చెప్పారు. ఆమె మాత్రం అప్పుడు రెస్క్యూ హోమ్‌లో ఉంది. రెండు నెలల తర్వాత బయటికొచ్చి, ఆ మాటలు తానెవరితోనూ అననే లేదని చెప్పింది. ఆ డిసెంబరులో కోర్టు ఆమెకు క్లీన్ చిట్ ఇచ్చింది. అది ఎంతమందికి చేరింది? ఆ వార్తల్లో "ఒక వ్యాపారవేత్త" అని రాశారే, ఆయన పేరు మనలో ఒక్కరికైనా తెలుసా? ఒకే వార్తలో ఇద్దరి మాట వస్తే ఒకరి బతుకు బజారున పడింది, ఇంకొకరి పేరు భద్రంగా ఉండిపోయింది. మన జాలి కూడా ఆమెకు మేలు చేయలేదమ్మా. అనని మాటను నమ్మి జాలిపడ్డాం మనం.

అయితే రైడ్‌లే వద్దంటున్నానా? ఎంతమాత్రం కాదు. 2018 జూలై చివర్లో యాదగిరిగుట్టలో ఏం బయటపడిందో గుర్తుందా? లక్ష్మీనరసింహస్వామి కొండ కింద, భక్తులు తిరిగే ఊళ్లో, వ్యభిచారంలోకి దించడానికి ఇళ్లలో చిన్న చిన్న ఆడపిల్లల్ని పెంచుతున్నారు. రాచకొండ పోలీసులు మొదటి దాడిలోనే 11 మంది పిల్లల్ని బయటికి తెచ్చారు. వాళ్లు త్వరగా ఈడేరినట్టు కనబడాలని హార్మోన్ ఇంజెక్షన్లు చేయించారని పోలీసులు చెప్పినప్పుడు రాష్ట్రమంతా నిర్ఘాంతపోయింది. ఇక్కడ ఆ తలుపులు బద్దలు కొట్టడమే ధర్మం. ఆలస్యమైన ప్రతి రోజూ ఒక పిల్ల మీద పడ్డ దెబ్బే. అలాంటి చోట "పోలీసులకు వేరే పనిలేదా" అనడం పాపం.

అంటే అన్ని రైడ్‌లూ ఒకటి కావు. తలుపు వెనక ఉన్నది చిన్నపిల్ల కావచ్చు. ఉద్యోగమని నమ్మి వచ్చి, ఫోను, ఆధార్ కార్డు లాగేసుకుంటే ఇరుక్కుపోయిన అమ్మాయి కావచ్చు. భర్త వదిలేస్తే ఇద్దరు పిల్లల్ని సాకుతూ తెలిసే ఈ దారి పట్టిన ఆడమనిషి కావచ్చు. ఈ ముగ్గురికీ కావాల్సిన సాయం వేరు వేరు. బయట మెట్ల దగ్గర నిలబడి చూసే మనకు మాత్రం ముగ్గురూ ఒకటే, ముగ్గురినీ ఒకే మాటతో పిలిచేస్తాం.

"పాచిపని చేసుకోవచ్చుగా" అనే మాట దగ్గరికే వద్దాం. మన ఇంట్లో పని కావాలని ఎవరైనా వస్తే మనం ఏం అడుగుతాం? ఆధార్ అడుగుతాం, తెలిసినవాళ్లు ఎవరని అడుగుతాం. రైడ్‌లో కనిపించిన అమ్మాయని తెలిస్తే గుమ్మం తొక్కనిస్తామా? గది అద్దెకిస్తామా? ఆమె పిల్ల మన పిల్ల పక్క బెంచీలో కూర్చుంటే ఊరుకుంటామా? దారులన్నీ మనమే మూసేసి, వేరే దారి చూసుకోవచ్చుగా అని అడగడం న్యాయం కాదు చెల్లీ. 2022 జనవరిలో సుప్రీంకోర్టు వీళ్లకు రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఇవ్వండని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చిందంటే ఆలోచించండి. మనకు పుట్టుకతో వచ్చినట్టుండే రేషన్ బియ్యం వాళ్లకు కోర్టు చెబితేగానీ దక్కలేదు.

రైడ్ తర్వాత ఏమవుతుందన్నది హైదరాబాద్ ఒకసారి కళ్లారా చూసింది. 1996లో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించారు. ఏళ్ల తరబడి అక్కడే బతికిన ఆడవాళ్లంతా ఒక్కసారిగా వీధిన పడ్డారు. ఊరు శుభ్రమైందని అనుకున్నవాళ్లు అనుకున్నారు. సామాజిక కార్యకర్త సునీతా కృష్ణన్, మిషనరీ బ్రదర్ జోస్ వెట్టికాటిల్ మాత్రం అక్కడి తల్లుల్ని అడిగారు, మీకేం కావాలని. వాళ్లడిగింది తమ గురించి కాదు, పిల్లల చదువు గురించి. ఖాళీ అయిన అలాంటి ఒక ఇంట్లోనే పిల్లలకు బడి పెట్టారు. ఇవాళ మనం వినే "ప్రజ్వల" సంస్థ అలా మొదలైంది. పోలీసులు తలుపు తీయించగలరు. ఆ తలుపు దాటాక ఎక్కడికెళ్లాలో చూపించాల్సింది సమాజం. తెగతిట్టి, వీడియో తీసి, మర్చిపోతే ఆ అమ్మాయి కోసం గేటు బయట ఎదురుచూసేది మళ్లీ ఆ పాత బ్రోకరే.

కాలనీ వాళ్ల బాధ నాకు తెలియనిది కాదు. అర్ధరాత్రి తాగి తప్పు తలుపు కొట్టేవాళ్లతో, లిఫ్టులో ఆడపిల్లల్ని ఎగాదిగా చూసేవాళ్లతో బతకడం నరకమే. ఫిర్యాదు చేయండి, తప్పకుండా చేయండి. కానీ ఆ ఫిర్యాదులో ఇంటి యజమాని పేరు కూడా రాయండి. మార్కెట్ రేటుకు రెట్టింపు అద్దె వస్తోందని కళ్లు మూసుకున్న ఆ పెద్దమనిషి అసోసియేషన్ మీటింగులో మన పక్కనే కూర్చుంటాడు, పరువు గురించి మనకంటే గట్టిగా మాట్లాడతాడు.

ఇంకొకరి గురించీ చెప్పాలి. దొరికిన ఆ మగవాడి ఇంట్లో ఒక ఇల్లాలు ఉంటుంది. "పెళ్లాం సరిగ్గా ఉంటే ఆయనెందుకు వెళ్తాడు" అని ఆమెనూ వదలరు. ఆయన చేసినదానికి లోపల ఒక ఆడది, బయట ఇంకో ఆడది తలవంచుకోవాలా? అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టే చేతులతో ఈ మాట ఫార్వర్డ్ చేయకండి. తలవంచుకోవాల్సింది అతనే: ఆ అమ్మాయిని మోసం చేసి తెచ్చారని తెలిసీ డబ్బిచ్చి వెళ్లినవాడికి జైలుంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం మూడేళ్లకు తగ్గని శిక్ష, ఆమె మైనరైతే అయిదేళ్లకు తగ్గనిది. మీ ఇంట్లో ఎదిగిన కొడుకుంటే ఈ సంగతి చెప్పండి. సిగ్గుపడి దాటేయకండి. మనం చెప్పకపోతే వాడికి ఆ వీడియోలే చెబుతాయి.

ఇక చివరగా మీ అక్క మాటగా నాలుగు ముక్కలు. అలాంటి వీడియో మీ ఫోనుకొస్తే చూడకుండానే తీసేయండి, పంపినవాళ్లకు "ఇలాంటివి పెట్టకండి" అని గ్రూపులోనే చెప్పండి. ఒకరు చెబితే పదిమంది ఆగుతారు. పక్కింట్లో ఒక పిల్ల బడికి వెళ్లకుండా, ఎప్పుడూ బయటికి రాకుండా, ఏడుపులు వినిపిస్తూ ఉంటే రైడ్ దాకా ఆగకండి. 1098కు ఫోన్ చేయండి, పిల్లల కోసమే ఆ నంబరుంది. వయసొచ్చిన ఆడవాళ్లయితే 181, అత్యవసరమైతే 112. ఉచితంగా లాయరు కావాలంటే 15100. ఈ నంబర్లు ఇప్పుడే ఫోనులో రాసిపెట్టుకోండి. పోలీసులు సాక్షిగా రమ్మంటే వెళ్లండి. అక్కడ ఒక ఆడమనిషి నిలబడితే ఆ అమ్మాయికి కొండంత ధైర్యం. రైడ్ జరిగిన మర్నాడు "ఎవరు దొరికారు?" అని ఎవరైనా అడిగితే, "నడిపినవాడు దొరికాడా? ఆ అమ్మాయిల్ని ఎక్కడ ఉంచారు?" అని తిరిగి అడగండి. మన కాలనీ పరువు నిలబడేది ఆ ప్రశ్న దగ్గరే చెల్లెళ్లూ.