సముద్రపు నాచు – సూక్ష్మజీవులపై దాని ప్రభావం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వారికి గోదావరి దగ్గర, సముద్రం దూరం. అయినను సముద్రపు నాచు మన ఇళ్ళకు ఏనాడో చేరినది. గాయాలపై పూసే టింక్చరులోని అయొడిన్‌ను 1811లో ఫ్రెంచి రసాయనవేత్త బెర్నార్డ్ కూర్త్వా తొలుత కనుగొన్నది సముద్రపు నాచు బూడిదలోనే.

నాచు అనుక్షణం సూక్ష్మజీవుల నడుమ జీవిస్తుంది. అవి తన ఒంటిపై పేరుకొనకుండా కొన్ని రసాయనాలను తానే తయారు చేసుకొంటుంది. గోధుమ రంగు నాచులో ఫ్లోరోటానిన్లు ఉంటాయి. కరక్కాయకు వగరునిచ్చే టానిన్లకు ఇవి దగ్గరి చుట్టాలు. ఆస్ట్రేలియా తీరంలో పెరిగే డెలీసియా అనే ఎర్ర నాచులోని ఫ్యూరనోన్లు బాక్టీరియా ఒకదానికొకటి పంపుకొనే సంకేతాలను అడ్డుకొంటాయి. మన విశాఖ తీరపు రాళ్ళపై కూడ ఉల్వా, సర్గస్సం వంటి నాచులు పెరుగుతున్నవి.

అట్లయితే నాచు పొడిని పుండ్లపై చల్లవచ్చునా అని కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. వలదనియే నా సమాధానం. గాజు పళ్ళెంలో సూక్ష్మజీవిని ఆపిన పదార్థం శరీరంలోనూ ఆపుతుందనే నియమం లేదు. ఎంత మోతాదు మేలు, ఎంత కీడు అనునది మనుషులపై పరీక్షించిన పిమ్మటనే తేలుతుంది. కొన్ని నాచులు నీటిలోని ఆర్సెనిక్‌ను పీల్చి నిలువ చేసుకొంటాయి. అయొడిన్ మితిమీరినచో థైరాయిడ్ గ్రంథి చెడుతుంది. ఇక మన చెరువుల పాచి వేరు. అందులో విషాన్ని పుట్టించే రకాలు కూడ ఉంటాయి గనుక దానిని గాయాలకు తాకనీయరాదు.

నాచు మనకు నేడు చేస్తున్న నికరమైన సేవ మరొకటి కలదు. వంటింట జెల్లీకి వాడే చైనాగ్రాస్ ఎర్ర నాచు నుండి తీసినదే. దీనినే అగర్ అంటారు. సూక్ష్మజీవులను పెంచుటకు ఇది తగునని 1881లో ఫానీ హెస్సే అనే గృహిణి తన భర్తకు సూచించినది. శరీరపు వేడికి ఇది కరగదు, అధిక శాతం బాక్టీరియా దీనిని తినలేవు. మీ గాయపు చీమును కల్చర్ పరీక్షకు పంపినప్పుడు, ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో తేల్చేది ఈ అగర్ పైననే.

కావున గాయమైనచో మంచినీటితో, సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టవలెను. ఎరుపు వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆనాడే వైద్యుని చూడవలెను. మధుమేహం గలవారు కాలి పుండు చిన్నదైనను ఉపేక్షించరాదు. వైద్యుడు వ్రాసిన యాంటీబయాటిక్‌ను నడుమ మానరాదు. నాచులోని మందు పరిశోధనశాల దాటి వచ్చేవరకు మనకు ఇదియే క్షేమమైన మార్గం.