రెండు నీళ్ల నడిమి నేల

పాఠ్యభాగ ఉద్దేశం

భూగోళ శాస్త్రమంటే రాజధానుల పేర్లు, పర్వతాల ఎత్తులు, నదుల పొడవులు కంఠస్థం చేయడమేననే భావన విద్యార్థులలో నెలకొని ఉంది. ఆ లెక్కల వెనుక ఎన్నో వింతలు, వాటి వెనుక మానవ జీవితాలు ఉన్నాయి. కోనసీమ కొసన ఉన్న ఒక ఊరిని ఆధారం చేసుకుని ప్రపంచ భూగోళంలోని కొన్ని విచిత్రాలను పరిచయం చేయడం, అవి ఏర్పడిన కారణాలను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కొన్ని ఊళ్లు తమ భూగోళాన్ని పేరులోనే దాచుకుంటాయి. అంతర్వేది అటువంటి ఊరు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలంలో, వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట ఈ క్షేత్రం ఉంది. బ్రహ్మ యజ్ఞవేదిక నిర్మించిన చోటు కనుక ఆ పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. సంస్కృత వాఙ్మయంలో మాత్రం 'అంతర్వేది' అనే మాట గంగా యమునల నడిమి భూమికి ప్రసిద్ధం. ఆ భూమినే పారసీక భాషలో 'దోఆబ్' అన్నారు. 'దో' అంటే రెండు, 'ఆబ్' అంటే నీరు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య దేశాన్ని గ్రీకులు 'మెసపొటేమియా' అన్నారు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో 'ఎంత్రే రియోస్' అనే రాష్ట్రం ఉంది. ఈ రెండు పేర్లకూ అర్థం 'నదుల నడిమి' అనే. వేర్వేరు జాతులు రెండు నీళ్ల మధ్య నిలిచి ఒకే విధంగా పేరు పెట్టుకున్నాయి. నది ఎక్కడైనా మానవుని మొదటి సరిహద్దు, మొదటి ఆధారం కావడమే ఇందుకు కారణం.

అంతర్వేదిని చేరే గోదావరి ప్రయాణమే ఒక వింత. మహారాష్ట్రలోని నాసిక్ సమీపాన, త్ర్యంబకం వద్ద ఈ నది జన్మించింది. అక్కడి నుండి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా గోదావరి చెంతనున్న ఆ సముద్రాన్ని కాదని, 1,465 కిలోమీటర్లు తూర్పుగా ప్రవహించి బంగాళాఖాతాన్ని చేరుతుంది. పడమటి కనుమలు గోడవలె అడ్డు నిలవడం, దక్కను పీఠభూమి తూర్పునకు వాలి ఉండడం దీనికి కారణాలు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ పసిఫిక్ మహాసముద్రానికి చేరువలోని ఆండీస్ పర్వతాలలో పుట్టి, ఖండాన్ని దాటి అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఆఫ్రికాలోని నైజర్ అట్లాంటిక్‌కు కొద్ది దూరంలో పుట్టి, సహారా అంచు వరకు వెళ్లి, అక్కడ వంపు తిరిగి గినీ సింధుశాఖకు చేరుతుంది. అదే ఖండంలోని ఒకవాంగో నది ఏ సముద్రాన్నీ చేరదు. అది బోట్స్వానా ఇసుక నేలలో డెల్టాగా విడివడి అక్కడే ఇంకి, ఆవిరై పోతుంది.

'డెల్టా' అనే మాటకు కూడా ఒక కథ ఉంది. నైలు నది ముఖద్వారంలోని భూమి గ్రీకుల 'డెల్టా' అక్షరం వలె ముక్కోణంగా ఉండడంతో ఆ పేరు రూఢి అయింది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు హెరొడోటస్ రచనలో ఆ మాట కనిపిస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. వాటికీ సముద్రానికీ నడుమ ఉన్న ముక్కోణపు నేలయే కోనసీమ. వశిష్ఠ నుండి వైనతేయ పాయ చీలి ఆ నేలను మరల రెండుగా విభజిస్తుంది. సంప్రదాయం గోదావరికి ఏడు పాయలను చెప్పి, వాటికి ఋషుల పేర్లను ముడిపెట్టింది. ఆ ఏడు సంగమాలలో స్నానం చేసే సప్తసాగర యాత్ర అంతర్వేదిలో ముగుస్తుంది. నది చీలికలను ప్రజలు గుర్తుంచుకోవడానికి పురాణం ఒక భూగోళ పటంగా ఉపయోగపడిందని దీనివల్ల గ్రహించవచ్చు.

అంతర్వేదిలో నదీసాగర సంగమాన్ని ప్రజలు 'అన్నాచెల్లెళ్ల గట్టు' అంటారు. అక్కడ ఒకవైపు నదీజలం, మరొకవైపు సముద్రజలం వేర్వేరు రంగులలో కనిపిస్తాయి. కలిసి ఉన్నా కలిసిపోని ఆ నీళ్లకు తోబుట్టువుల పేరు పెట్టడం తెలుగువారి ఊహాశక్తికి నిదర్శనం. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం వద్ద ఇదే దృశ్యం మరింత విస్తారంగా ఉంటుంది. నల్లని రియో నెగ్రో నీరు, మట్టిరంగు సొలిమోయెస్ నీరు సుమారు 6 కిలోమీటర్ల దూరం కలవకుండా పక్కపక్కనే ప్రవహిస్తాయి. ఉష్ణోగ్రత, వేగం, సాంద్రతలలోని భేదాలే అందుకు కారణం. నదీముఖంలో ఉప్పునీరు మంచినీటి కంటే బరువైనది కావడం కూడా రెండు జలాలు వెంటనే కలవకపోవడానికి ఒక కారణం.

ప్రకృతి గీసిన గీతలు ఇటువంటివి కాగా, మనిషి గీసిన గీతలు ఇంకా విచిత్రమైనవి. కోనసీమకు పొరుగున, గౌతమి ఒడ్డున యానాం ఉంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, వాడుక భాష తెలుగు, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. 1954 జూన్ 13న విమోచన పొందిన ఈ పట్టణం, అదే సంవత్సరం నవంబరు 1న ఇతర ఫ్రెంచి స్థావరాలతో పాటు భారత పాలనలోకి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. బాల్యవివాహాలను నిరోధించే 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లలేదు. అందువల్ల బ్రిటిషు ప్రాంతంలోని కొందరు తమ పిల్లల పెండ్లిండ్లకు యానాం తరలివెళ్లేవారు. సరిహద్దు గీతను పటంలో చూసేవారికి అది వినోదం. ఆ గీత దాటించి తాళి కట్టించిన పసిపిల్లకు అది జీవితకాలపు నిర్ణయం.

భారత, బంగ్లాదేశ్‌ల చిట్‌మహళ్ల కథ కూడా అటువంటిదే. ఒక దేశపు భూమిలో మరొక దేశపు ముక్కలు, వాటిలో కొన్నింటి లోపల మొదటి దేశపు ముక్కలు ఉండేవి. దహలా ఖాగ్రాబారి అనే చోట అంతకంటె మరొక పొర కూడా ఉండేది. ప్రపంచంలో అటువంటిది మరెక్కడా లేదు. 2015 జూలై 31 అర్ధరాత్రి ఇరుదేశాలు 162 ముక్కలను మార్చుకోవడంతో ఆ వింత అంతరించింది. అంతకుముందు దశాబ్దాల పాటు అక్కడివారికి విద్య, వైద్యం, ఓటు వంటివి సక్రమంగా అందలేదు. ఆ వింత తొలగినందుకు వారు సంతోషించారే గాని చింతించలేదు.

ఊళ్లు కనుమరుగైనా పేర్లు నిలిచే ఉదాహరణ కోరంగి. యానాం సమీపాన ఒకప్పుడు ప్రసిద్ధ రేవుగా ఉన్న కోరంగి 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలతో దెబ్బతిన్నది. ఆ రేవు ప్రాభవం పోయింది. కాని బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అనే పిలిచేవారు. ఒక రేవు పేరు సముద్రానికి ఆవల ఒక జాతి పేరైంది. ఇంతలో గోదావరి ఇసుకను సముద్ర ప్రవాహాలు ఉత్తరానికి నెట్టడంతో, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి సుమారు రెండు శతాబ్దాల కాలంలో పెరిగింది. నేడది కాకినాడను అలల ఉధృతి నుండి కాపాడుతున్నది.

ఇక్కడే అసలు విషయం ఉంది. కోనసీమ రాతినేల కాదు. అది నది మోసుకొచ్చిన ఒండ్రు. నది ఇవ్వడం తగ్గిస్తే సముద్రం తీసుకోవడం మొదలవుతుంది. 1971-79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు, 1990-98 నాటికి 6 కోట్ల టన్నుల కంటె తక్కువకు పడిపోయిందని శాస్త్రజ్ఞులు లెక్కించారు. వర్షపాతంలో చెప్పుకోదగిన తగ్గుదల లేదు. ఎగువ జలాశయాలలో మట్టి నిలిచిపోవడమే ప్రధాన కారణమని వారు నిర్ధారించారు. ఆ పాతికేళ్లలో డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రం పాలైంది. అందులో మడ అడవులు కూడా ఉన్నాయి. 1996 నవంబరు 6 నాటి తుపానులో వెయ్యిమందికి పైగా మరణించిన ఈ సీమకు, అలలను అడ్డే మడచెట్టు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

జలాశయాలు లేకపోతే పంటలకు నీరు లేదు. ఒండ్రు రాకపోతే పంట పండే నేలయే లేదు. ఈ రెండింటి నడుమ సమతూకం వెదకడం రాబోయే తరం బాధ్యత. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికి వేలాది జనం అంతర్వేది వస్తారు. వారు నిలిచే నేలను త్ర్యంబకం నుండి ఒక నది వేల ఏళ్లుగా పిడికెడు పిడికెడుగా మోసుకొచ్చి పోసింది. భూగోళంలోని వింతలన్నింటిలో విద్యార్థి మొదట తెలుసుకోవలసినది తన కాళ్ల కింద ఉన్న ఈ వింతనే.

కఠిన పదాలు – అర్థాలు

వాఙ్మయం = సాహిత్యం
రూఢి = వాడుకలో స్థిరపడినది
సాంద్రత = చిక్కదనం
ప్రాభవం = గొప్పతనం, వైభవం
ఉధృతి = తీవ్రత
ఒండ్రు = నది తెచ్చి వేసిన మెత్తని మట్టి

వ్యాకరణం

అంతః + వేది = అంతర్వేది – విసర్గ సంధి
సప్తసాగరాలు = సప్త సంఖ్య గల సాగరాలు – ద్విగు సమాసం

ప్రశ్నలు

1. గోదావరి తూర్పునకు ప్రవహించడానికి కారణాలను తెలపండి.
2. 'అన్నాచెల్లెళ్ల గట్టు' అనే పేరులోని ఔచిత్యాన్ని వివరించండి.
3. యానాం, చిట్‌మహళ్ల ఉదాహరణలతో సరిహద్దులు ప్రజాజీవితాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో రాయండి.
4. "నది ఇవ్వడం తగ్గిస్తే సముద్రం తీసుకోవడం మొదలవుతుంది." సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఊరి పేరు ఎలా ఏర్పడిందో పెద్దలను అడిగి తెలుసుకుని, దానికీ అక్కడి నేల, నీరులకూ గల సంబంధాన్ని ఒక వ్యాసంగా రాయండి.