కంపైల్ సమయంలో పుట్టిన వెక్టర్ ఎందుకు మిగలదు?

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్ 20లో కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ ఫంక్షన్ లోపల వెక్టర్ బాగానే పనిచేస్తోంది. మూలకాలతో సహా దాన్నే గ్లోబల్ కాన్‌స్ట్‌ఎక్స్‌పర్‌గా ఉంచబోతే ఎర్రర్. ఎందుకండీ?

జవాబు: ఆ వెక్టర్‌కు మెమరీ మీ ప్రోగ్రాం హీప్‌లోది కాదండీ. కంపైలర్ తన దగ్గరున్న చోటును లెక్క నడిచినంతసేపే ఇస్తుంది. పోనీ, ఆ డేటాను ఎగ్జిక్యూటబుల్ ఫైల్లో రాసిపెట్టినా చిక్కే: న్యూ ద్వారా రాని ఆ చోటును చివర్లో డిస్ట్రక్టర్ డిలీట్ చేయబోతుంది. అందుకే లెక్క ముగిసేలోగా ప్రతి న్యూకూ డిలీట్ జరిగి తీరాలని భాషా ప్రమాణం నిబంధన పెట్టింది. నా దృష్టిలో ఇది ఎంతో మేలైన నిబంధన. ఆ లెక్కలో మెమరీ లీక్ ఉంటే కంపైల్ దశలోనే బయటపడుతుంది.

ఆ విలువలు గ్లోబల్ కాన్‌స్ట్‌ఎక్స్‌పర్‌గా మిగలాలంటే మీరు ఆ ఫంక్షన్‌ను రెండుసార్లు పిలవండి. మొదట సైజు తెలుసుకోండి, తర్వాత విలువలను ఆ సైజున్న స్టాండర్డ్ అర్రేలోకి కాపీ చేయండి. అర్రేకు హీప్ అక్కర్లేదు. దాని విలువలు మామూలుగా ఫైల్లోని రీడ్‌ఓన్లీ భాగంలోకే చేరతాయి.