వాతావరణ గ్రాఫులలో బిందువుల కుదింపు: వేగం కోసం దేనిని వదులుకోవచ్చు?

స్వయంచాలిత వాతావరణ కేంద్రం నిమిషానికొక రీడింగు నమోదు చేస్తే రోజుకు 1,440, సంవత్సరానికి 5,25,600 ఉష్ణోగ్రత విలువలు పోగవుతాయి. వీటన్నిటినీ ఒకే గ్రాఫుగా గీయమని కోరినపుడు సాఫ్ట్‌వేర్ నత్తనడక నడవడం పరిశోధక విద్యార్థులందరికీ అనుభవమే. గ్రాఫును కొంచెం జరిపినా, పెద్దది చేసినా మళ్లీ మొదటి నుండి గీయవలసి వస్తుంది. అయితే 1,920 పిక్సెళ్ల వెడల్పు గల తెరనంతటినీ గ్రాఫు ఆక్రమించినా, ఒక్కొక్క నిలువు వరుసలో సుమారు 274 విలువలు ఒకదానిపై ఒకటి పడతాయి. అంటే కంటికి విడిగా కనిపించని గీతల కోసమే కాలం అధికంగా వ్యయమవుతున్నది. కనుక చూపే బిందువులను తగ్గించడం సమంజసమే. ఏ బిందువులను తగ్గించాలన్నదే అసలు ప్రశ్న.

ప్రతి 274వ విలువను మాత్రమే తీసుకోవడం అన్నిటికన్నా సులభమైన పద్ధతి. గ్నూప్లాట్‌లో 'ఎవ్రీ' అనే ఒక్క ఆదేశంతో ఈ పని జరుగుతుంది. కాని అప్పుడు మిగిలిన రెండు వరుస బిందువుల మధ్య అంతరం 4 గంటల 34 నిమిషాలు. వరిలో పూలు చాలావరకు మధ్యాహ్నానికి ముందే విచ్చుకుంటాయి. ఆ వేళ ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దాటితే పరాగ సంపర్కం దెబ్బతిని తాలు గింజలు ఏర్పడతాయి. వేడిని తట్టుకోలేని రకాలకు గంటసేపు చాలు. ఆ గంట రెండు బిందువుల మధ్య పడిపోతే, తాలుకు కారణం గ్రాఫులో వెతికినా దొరకదు.

గంట సగటు తీసుకోవడం మేలని కొందరు భావిస్తారు. 20 నిమిషాలు 37 డిగ్రీలు, 40 నిమిషాలు 33 డిగ్రీలు ఉన్న గంటకు సగటు 34.3 మాత్రమే. పరిమితి దాటిన సంగతే మరుగున పడుతుంది.

ఒక్కొక్క పిక్సెల్ వరుసలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను రెండింటినీ నిలుపుకొనే పద్ధతి ఇందుకు తగినది. మొత్తం 3,840 బిందువులతో గ్రాఫు తక్షణమే వస్తుంది, శిఖరం ఏదీ పోదు. 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో స్వెయిన్ స్టెయినార్సన్ ప్రతిపాదించిన త్రిభుజ పద్ధతి, పొరుగు బిందువులతో అత్యధిక వైశాల్యం గల త్రిభుజాన్ని ఏర్పరచే బిందువును ఎన్నుకుంటుంది. రేఖ ఆకృతి చక్కగా నిలుస్తుంది. కాని ఒక్కో భాగం నుండి ఒకే బిందువు మిగులుతుంది గనుక కనిష్ఠ, గరిష్ఠాలు రెండూ దక్కుతాయన్న హామీ లేదు.

వర్షపాతం సంగతి వేరు. దానిని ఎన్నుకోరాదు, కూడవలెను. గాలి దిశకు మామూలు సగటు కూడా పనికిరాదు. 350, 10 డిగ్రీల సగటు 180 అని వస్తే ఉత్తరపు గాలి దక్షిణపు గాలిగా మారుతుంది! సెన్సార్ పనిచేయని కాలాన్ని రేఖతో కలిపివేయక ఖాళీగానే ఉంచాలి.

ఈ కుదింపు చిత్రానికే పరిమితం కావాలి. 35 డిగ్రీలు దాటిన నిమిషాల లెక్క, గణాంక విశ్లేషణ పూర్తి ఫైలు నుండే జరగాలి. వాడిన పద్ధతిని పటం శీర్షిక కింద పేర్కొనాలి. ఒక్క రోజును పెద్దదిగా చూస్తున్నపుడు మాత్రం 1,440 విలువలూ తెరలో ఇముడుతాయి, కుదింపును తొలగించవచ్చు.