నాన్నగారి లెన్స్‌కి కొత్త కెమెరా

ప్రశ్న: నాన్నగారి జెనిట్ కెమెరాకి ఉన్న హీలియోస్ 44-2 లెన్స్‌ని అడాప్టర్‌తో నా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి బిగించాను. దగ్గరివి బాగా వస్తున్నాయి, దూరంగా ఉన్నవన్నీ మసకే. లెన్స్ పాడైందా?

జవాబు: లెన్స్‌ని అనుమానించకండి. ఈ ఎం42 మర లెన్స్ ఫిల్మ్‌కి 45.46 మి.మీ. దూరంలో కూర్చోవాలి. మీ కెమెరాలో మౌంట్ నుంచి సెన్సర్‌కే 46.5 మి.మీ. ఉంది, పైగా అడాప్టర్ మందం. అందుకే దూరపు ఫోకస్ అందదు. లోపల గాజు ఉన్న అడాప్టర్‌తో అందుతుంది గానీ, ఆ చవక గాజు మంచి లెన్స్ ముద్రనే చెరిపేస్తుంది. నేనైతే వద్దంటాను.

మిర్రర్‌లెస్ బాడీ దొరికితే అరువైనా తెచ్చుకోండి. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16. మిగిలిన ఖాళీని గాజు లేని అడాప్టరే పూడుస్తుంది. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్’ ఆన్ చేయండి, లేకపోతే కొన్ని కెమెరాలు క్లిక్ మనవు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ 58 అని మీరే చెప్పాలి.

ఎఫ్2 దగ్గర తెరిచి, తెరమీద బొమ్మను పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకోండి. ఆ తర్వాతే లెన్స్ మీది అపెర్చర్ రింగుతో మూయండి. వెనక ఆకులుంటే ఎఫ్2లోనే ఉంచండి. ఆ సుడి తిరిగే నేపథ్యం కోసమే ఈ లెన్స్‌ని ఇప్పటికీ వెతుక్కుంటారు.