ధ్రువోపాఖ్యానము – తల్లిదండ్రులకు పాఠము

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమునందలి ధ్రువచరిత్రను ఆస్తికులందరు వినియే యుందురు. ఐదేండ్ల బాలుడు తపస్సు చేసి, శ్రీమన్నారాయణుని దర్శించి, ధ్రువపదమును పొందిన కథ అది. ఆ తపస్సునకు మూలము ఒక ఇంటిలోని కలహము. కావున దీనిని భక్తికథగానే గాక, దాంపత్యమున ఎడబాటు కలిగిన తల్లిదండ్రులకు పాఠముగా కూడ చదువుకొనవలసియున్నది.

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలమునందలి అక్కుపల్లి మొదలైన ఉద్దానపు తీరగ్రామములకు ఈ పాఠము నేడు మిక్కిలి అవసరము. కొబ్బరి, జీడి తోటలును సముద్రమును ఇచ్చటివారికి జీవనాధారములు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఆ తోటలను పెకలించినది. మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి ఈ ప్రాంతమును పీడించుచున్నది. పనులకై దూరప్రాంతములకు వలస పోవుట పరిపాటి అయినది. భర్త ఒకచోట, భార్య ఒకచోట, పిల్లలు తాతయ్య ఇంట ఉన్నప్పుడు చిన్న మాటపట్టింపు కూడ పెద్దది కావచ్చును. ఒక్కొక్క సంసారము విడాకుల దాక పోవచ్చును. అప్పుడు పసివాని మనస్సును కాపాడుట ఎట్లు?

ఉత్తానపాద మహారాజునకు సునీతి, సురుచి అని ఇరువురు భార్యలు. రాజునకు సురుచియందు మక్కువ ఎక్కువ. ఆమె కుమారుడు ఉత్తముడు తండ్రి తొడపై ఉండగా, సునీతి కుమారుడైన ధ్రువుడును ఎక్కబోయినాడు. తన కడుపున పుట్టనివానికి ఆ స్థానము లేదని సురుచి నిష్ఠురముగా పలికినది. తండ్రి వినుచు ఊరకున్నాడు. సవతితల్లి మాట గాయము చేసినది. తండ్రి మౌనము దానిని లోతు చేసినది. దూరమున ఉన్న తండ్రి నెలనెలా డబ్బు పంపినంత మాత్రమున చాలదు. బిడ్డతో తరచు మాటలాడవలెను.

ఏడ్చుచు వచ్చిన కుమారుని సునీతి ముందుగా ఒడిలోనికి తీసికొన్నది. జరిగినది పరిజనుల వలన విని తానును కన్నీరు పెట్టుకొన్నది. భర్త తనను ఆదరింపడన్న నిజమును దాచలేదు. అయినను ఇతరులకు కీడు తలపవద్దని చెప్పి, శ్రీహరిని ఆశ్రయింపుమని త్రోవ చూపినది. తండ్రిపై ద్వేషమును నూరిపోయలేదు. ఈ క్రమము గమనింపదగినది: మొదట ఒడి, పిదప నిజము, ఆపైన త్రోవ. మనమో ఏడ్చు బిడ్డకు ముందే నీతి చెప్పుదుము, ఒడిని మరచుదుము.

విడిపోయిన దంపతులు దీనిని ఇట్లు ఆచరింపవచ్చును. తల్లి మాటను తండ్రికి, తండ్రి మాటను తల్లికి మోయు పని బిడ్డకు అప్పగింపరాదు. ఇది పెద్దల నిర్ణయమనియు, ఇందు నీ తప్పేమియు లేదనియు బిడ్డకు విప్పి చెప్పవలెను. బడి, భోజనము, నిద్ర, సాయంకాలపు దీపము, వీని వేళలు మారకుండ చూడవలెను.

ఒక హెచ్చరిక. సునీతి శాంతమును ఉదాహరించి, దెబ్బలు తినుచు పడియుండుమని ఏ స్త్రీకిని చెప్పరాదు. అట్టివారికి 2005 నాటి గృహహింస నిరోధక చట్టము రక్షణ కల్పించుచున్నది. 181 అను సంఖ్యకు ఫోను చేసిన సహాయము లభించును.

పిదప నారదమహర్షి ప్రసంగము. ఆయన బాలుని శిరస్సుపై చేయి ఉంచి, మానావమానములను లెక్కింపవద్దని మొదట బోధించినాడు. గాయపడిన తన మనస్సున ఆ మాట నిలువదని ధ్రువుడు దాపరికము లేక చెప్పినాడు. మహర్షి కోపింపక, ద్వాదశాక్షరీ మంత్రమును ఉపదేశించినాడు. తరువాత ఉత్తానపాదుని వద్దకు పోయి, ముఖము వాడియున్నదేమని అడిగి, ఆయన పశ్చాత్తాపమును విని ఊరడించినాడు. ఇరుపక్షముల మాట వినువాడే మంచి సలహాదారు.

అట్లు వినువారు నేడును కలరు. మనోవ్యథ కలవారి కొరకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా లభించును. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. దానికి సంఖ్య 15100. మనస్సునకు చికిత్స కోరుట భక్తికి లోపము కాదు. జ్వరమునకు మందు పుచ్చుకొని దేవుని తలచుకొనుట లేదా!

చట్టము చెప్పునదియు తెలిసియుండుట మేలు. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము న్యాయస్థానము సాధ్యమైనచోట మొదట సయోధ్యకు ప్రయత్నింపవలెను. పరస్పరాంగీకారముతో విడాకులు పొందుటకు 1976 సవరణ అవకాశమిచ్చినది. బిడ్డ ఎవరివద్ద ఉండవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు, 1956 నాటి మైనర్ల సంరక్షణ చట్టము బిడ్డ క్షేమమునే ప్రధానముగా ఎంచుచున్నది. భార్యాభర్తల బంధము తీర్పుతో తెగవచ్చును. తల్లిదండ్రులన్న బంధము ఏ తీర్పుతోను తెగదు.

తపస్సు ఫలించి ధ్రువుడు మరలివచ్చునాడు సునీతియు సురుచియు ఒకే పల్లకిలో ఎదురేగినారు. ధ్రువుడు సురుచికిని నమస్కరించినాడు. ఆమె లేవనెత్తి ఆశీర్వదించినది. ద్వేషము నేర్పని తల్లికి దక్కిన ఫలము అది. తరువాతి కాలమున ఉత్తముని ఒక యక్షుడు చంపగా, ధ్రువుడు ఆగ్రహముతో యక్షులను సంహరింపసాగినాడు. అప్పుడు తాతయైన స్వాయంభువ మనువు వచ్చి, ఆ కోపమును మాన్పినాడు. మనుమలను పెంచుచున్న తాతలారా, అవ్వలారా! కోపమునకు ఆజ్యము పోయుట కాక, దానిని చల్లార్చుటయే మీ వంతు ధర్మము.

ఇల్లు రెండైనను బిడ్డకు ఒడి కరవు కాకుండుగాక! శ్రీమన్నారాయణుడు అట్టి పిల్లలందరిని కాపాడుగాక!