మొదట చెప్పినవాడు

నిడదవోలు,
20-4-2025.

చి. స్వాతికి,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఏదో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాను. ఫోన్‌లో ఏడుస్తున్న పిల్లకి ఓదార్పు చెప్పగలం గానీ, అడిగినదానికి జవాబు చెప్పలేం. అందుకే రాస్తున్నాను. నా చేతిరాత మందుల చీటీ కంటే ఘోరంగా ఉంటుందని మీ అత్తయ్య అంటుంది, కాస్త ఓపిక పట్టు.

నువ్వడిగింది ఇది. ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు, కిలోమీటరు గీత లోపల మీ పశువైద్య బృందం కోళ్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఒక మామ్మగారు గాదె వెనక గంప కింద పుంజుని దాచింది. మీరు గుమ్మంలో ఉండగానే అది కాస్తా కూసింది. నువ్వు దాన్ని పట్టుకుని బయటికి వస్తుంటే ఆవిడ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. దానికి మేత వేసి తీసుకెళ్లమంది. అదే వీధి చివర పందెం కోళ్లాయన పెరట్లో మాత్రం ఖాళీ గంపలు, కట్టుకొయ్యలు మిగిలాయి. కోళ్లన్నీ రాత్రికి రాత్రే చుట్టాలిళ్లకు దాటిపోయాయి. "పేదరాలి కోడి దొరికింది, పెద్దాయన కోళ్లు దొరకలేదు. నేను చేసింది న్యాయమేనా మావయ్యా?" అన్నావు.

న్యాయం సంగతి తర్వాత చూద్దాం. ముందు, ఆ పుంజుని తీసుకోవడం తప్పు కాదు. జాలిపడి ఒక్కదాన్ని వదిలినా గీతకి అర్థం లేదు. ఫిబ్రవరి 10న వేల్పూరు, కానూరు అగ్రహారం శాంపిళ్లలో బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని భోపాల్ ల్యాబు తేల్చాక, చుట్టూ కిలోమీటరు లోపల కోడి అన్నది మిగలకూడదు, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉండాలి. ఈ కొలత మన వాళ్లు కోళ్ల మీద కోపంతో పెట్టింది కాదు. 1997లో హాంకాంగ్‌లో ఇదే వైరస్ 18 మందికి సోకి ఆరుగురిని తీసుకుపోయింది. అప్పుడక్కడ ఆరోగ్యశాఖ డైరెక్టరు మార్గరెట్ చాన్. నేను రోజూ కోడి తింటున్నాను, భయం లేదని జనానికి చెప్పి మాట పడింది కూడా ఆవిడే. (మనవాళ్లు 2020లో కరోనా భయం పోగొట్టడానికి హైదరాబాద్‌లో స్టేజీ వేసి చికెన్ తిన్నారు గుర్తుందా, ఆ సంప్రదాయం పాతదే.) చివరికి ఊళ్లో ఉన్న కోళ్లన్నిటినీ, పది లక్షలకు పైగా, చంపించింది. మనుషుల్లో కేసులు ఆగాయి. 2003 నుంచి ఇప్పటిదాకా ప్రపంచం మొత్తమ్మీద ఈ వైరస్ సోకినట్టు తేలినవాళ్లు తొమ్మిది వందలకు పైగా ఉంటే, వాళ్లలో దాదాపు సగం మంది బతకలేదు. మొన్న మార్చిలో నరసరావుపేట పాప మంగళగిరి ఎయిమ్స్‌లో పోయింది. రెండేళ్లది. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

టీకా వేస్తే పోయేదానికి చంపడం ఎందుకని ఆ మామ్మగారి మనవడు అడిగాడన్నావు. మంచి ప్రశ్న, కసురుకోకు. చైనాలో వేస్తున్నారు, ఫ్రాన్సులో 2023 నుంచి బాతులకు వేస్తున్నారు. మన దేశంలో ఈ వైరస్‌కి ఆ అనుమతి లేదు. టీకా వేసిన కోడి చావకపోవచ్చు, కానీ లోపల వైరస్‌ని మోస్తూ తిరగొచ్చు. అప్పుడు జబ్బు ఎక్కడుందో చచ్చి చెప్పే కోడి కూడా ఉండదు. ఇలా గుట్టుగా వైరస్‌ని మోసే పని ఇప్పటికే మన బాతులు చేస్తున్నాయి. కోతలయ్యాక చేలల్లోకి దిగే మందలు చూస్తావుగా, కొల్లేరు నుంచి ఎక్కడెక్కడికో నడుచుకుంటూ పోతాయి. వాటిలో కొన్నిటికి ఒంట్లో వైరస్ ఉన్నా పైకి ఏమీ కనపడదు. బాతులు కాసేవాడికి ఊరూ లేదు, షెడ్డూ లేదు, నీ రిజిస్టర్లో పేరూ లేదు. వాడితో స్నేహం చెయ్యి.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకీ తెలీదు.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో నవాపూర్ దగ్గర మన దేశంలో మొదటిసారి బర్డ్‌ఫ్లూ బయటపడింది. అప్పుడు నేను డెల్టాలోనే ఒక మండలంలో డాక్టర్ని. ఒకరోజు తెల్లారకముందే ఒక రైతు సైకిల్ మీద గోనెసంచితో వచ్చాడు. నాలుగు వేల లేయర్ల చిన్న షెడ్డు ఆయనది. సంచిలో రెండు చచ్చిన కోళ్లు. జుట్టు నల్లబడి ఉంది, కాళ్ల మీద ఎర్రగా కమిలింది. నాకు కొక్కెర తెగులే అనిపించింది గానీ, ఆ రోజుల్లో ఎవరం ధైర్యం చేసి చెప్పగలం? శాంపిళ్లు ఐసు పెట్టెలో భోపాల్ పంపాను. అంతవరకు బాగానే చేశాను.

పదిగంటలకి టీ కొట్టు దగ్గర మా కాంపౌండర్‌తో, ఫలానా ఆయన కోళ్లు భోపాల్ వెళ్లాయిరా అన్నాను. అంతే. గొప్ప కోసం అన్నానో, ఊసుపోక అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. సాయంత్రానికి గుడ్ల వ్యాన్ ఆ షెడ్డు వైపు తిరగలేదు. మర్నాడు మేత కొట్టువాడు బాకీ తీర్చమని మనిషిని పంపాడు. రోజూ పుట్టే గుడ్లు ట్రేలకి ట్రేలు, తాటాకు పందిరి కింద గుట్టలుగా పేరుకున్నాయి. వాళ్లబ్బాయి బడిలో ఒక్కడే బెంచీ మీద కూర్చునేవాడట. రిపోర్టు వచ్చింది. బర్డ్‌ఫ్లూ కాదు, కొక్కెరే. ఆ మాట చెప్పడానికి నేను మళ్లీ టీ కొట్టుకి వెళ్లాను, కానీ ఎవరూ వినలేదు. మంచి కబురు వ్యాన్ ఎక్కి తిరగదు కదా.

వేసవి గడిచేసరికి ఆయన షెడ్డు అమ్మేశాడు.

అది ఒక మనిషికి నేను చేసిన అన్యాయం. కానీ దానికంటే పెద్దది తర్వాత తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లు మా ఆసుపత్రికి ఒక్క రైతు కూడా చచ్చిన కోడిని తీసుకురాలేదు. మండలం ఆరోగ్యంగా ఉందని పైకి రిపోర్టులు రాశాను. ఒకసారి వేరే పనిమీద ఒక షెడ్డు వెనక్కి వెళ్తే కుక్కలు గొయ్యి తవ్వుతున్నాయి. లోపల ఎన్ని కోళ్లున్నాయో లెక్కపెట్టలేదు.

స్వాతీ, రోగం ఎక్కడుందో మనకి భోపాల్ చెప్పదు. భోపాల్ పేరు పెడుతుంది, అంతే. ఉందని చెప్పేది గోనెసంచితో వచ్చే ఆ మనిషి. మొదట చెప్పినవాడు నష్టపోయాడని ఊరు కళ్లారా చూస్తే, రెండోవాడు చెప్పడు. తర్వాత నువ్వు ఎన్ని కిలోమీటర్ల గీత గీసినా, అది రోగం నడిచి వెళ్లిపోయాక గీసిన గీతే అవుతుంది. నాకు తెలిసిన నీతిశాస్త్రం అంతా ఇదే. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి.

మనుషుల విషయంలో మాత్రం వేరేగా జరిగిందా? 2020 మేలో గొల్లల మామిడాడలో కరోనా కేసులు బయటపడ్డప్పుడు ఏమైంది? ఎత్తు గోపురాలకీ సూర్యదేవాలయానికీ పేరుపడ్డ ఊరు, రాత్రికి రాత్రి ఊరి పేరే జబ్బు పేరైపోయింది. ఆ ఊరు మనిషంటే వేరే ఊళ్లో పనికి రానివ్వలేదు. మన వీధుల్లోనూ వెదురు కర్రలు అడ్డం కట్టాం. ఆ కర్రలు చూసి జనం నేర్చుకున్నది జాగ్రత్త కాదు, జ్వరాన్ని గ్యాస్ అని చెప్పి చీకట్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోవడం. రాజోలు వైపు ఒక ఊళ్లో తల్లీ ఇద్దరు కూతుళ్లూ పదిహేను నెలలు గుడారం లాంటి చోట తలుపేసుకుని ఉండిపోయారు. 2021 జులైలో అధికారులు వెళ్లి బయటికి తెచ్చేదాకా వాళ్లకి ఎండ తెలీదు. వాళ్లను అక్కడ ఉంచింది భయం, కాపలావాడెవడూ లేడు.

సోదా చేసే అధికారం నీకుంది. 2009 నాటి పశువ్యాధుల చట్టం ఇచ్చింది. కాదనను. కానీ 1897లో పూనాలో ప్లేగు పేరు చెప్పి సోల్జర్లు ఇళ్లలో జొరబడి సామాన్లు వీధిలో పడేశారు. దాని ఫలితంగా ప్లేగు ఆఫీసరు రాండ్ ప్రాణం పోయింది, చాపేకర్ సోదరులు ఉరికంబమెక్కారు, ప్లేగు మాత్రం ఊళ్లోనే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పమనను, నీ బూట్లకి మందు కొట్టాలి కాబట్టి. కానీ పేరు పెట్టి పిలిచి, కూర్చుని, ఎందుకో చెప్పి, అప్పుడు గంప ఎత్తు.

నీ న్యాయం ప్రశ్నకి వస్తున్నాను. పందెం కోళ్లాయన దొంగ అని తేల్చేశావు. సగం నిజం. మిగతా సగం రేటు. ఆయన డేగ, కాకి, నెమలి పుంజులకి బాదం పప్పు పెట్టి పెంచాడు. ఒక్కోదాని ధర వేలు, ఇంకా పైమాటే. పరిహారం లెక్కలో అదీ కోడే, మామ్మగారిదీ కోడే. నష్టం అంత తేడాగా ఉన్నప్పుడు కోడి గీత దాటకుండా ఎలా ఉంటుంది? గీత ప్రకటించాక బ్యాటరీ లైటు పట్టుకుని వెతికితే దొరికేది గంపలే. సంక్రాంతికి ముందే, డిసెంబరులోనే, ఎవరింట్లో ఎన్ని పుంజులున్నాయో రాసిపెట్టుకో. పందేలకి నువ్వు సాయం చేస్తున్నావని ఎవరైనా అంటే అననీ. రోగం వచ్చినరోజు నీ దగ్గర కాగితం ఉంటుంది. ఆ రోజు మొదటి గడప మామ్మగారిది కాకూడదు. వీధిలో అందరికంటే పెద్దాయన పెరట్లోంచి మొదలుపెట్టు. ఆయన కోళ్లు పోతుంటే ఊరంతా చూస్తుంది. తర్వాత మామ్మగారే తెచ్చి ఇస్తుందని కాదు గానీ, నువ్వు ఆవిడ గుమ్మంలో తలెత్తుకుని నిలబడగలవు.

చంపకముందు లెక్క రాయించు, చంపాక కాదు. మనం చంపిన కోడికే పరిహారం. అంతకుముందు జబ్బుతో చచ్చినదానికి లేదు. అంటే తొందరగా చెప్పినవాడికి ఎక్కువ మిగలాలి, రూలు రాసినవాడి ఉద్దేశం అదే. కానీ నీ బృందం రెండ్రోజులు ఆలస్యంగా వెళ్తే ఆ రెండ్రోజుల చావులూ తొందరగా చెప్పినవాడి నెత్తినే పడతాయి. కాబట్టి కబురందిన గంటలో వెళ్లి లెక్కపెట్టి, రైతు సంతకం, నీ సంతకం, వీఆర్వో సంతకం తీసుకో. గుడ్లూ, మేతా కూడా రాయి, వాటికీ వస్తుంది. ఆ మామ్మగారి పుంజుకి చీటీ ఇచ్చావా? ఇవ్వకపోతే ఈ ఆదివారమే వెళ్లి ఇచ్చిరా.

కోళ్ల మెడలు విరిచిన కుర్రాళ్ల సంగతి నువ్వు ఒక్క మాట కూడా చెప్పలేదు. అది నాకు నచ్చలేదు. ఆ పీపీఈ కిట్లు వేసుకుని డెల్టా ఉక్కలో గంట నిలబడితే నీళ్లు కారిపోతాయి, వాళ్లు రాత్రంతా ఉన్నారు. టామీఫ్లూ మాత్రలు వేసుకున్నారా లేదా నువ్వు కళ్లతో చూడాలి. తర్వాత పది రోజులు జ్వరం వస్తోందా అని వాళ్లకి రోజూ ఫోన్ చెయ్యాలి, మెసేజీ కాదు. ఆ పది రోజుల కూలీ ఎవరిస్తారో ముందే తేల్చు. పని అయ్యాక ఎవడైనా ఒక కోడిని కూరకి సంచిలో వేసుకుంటే దొంగ అని తిట్టకు, ఇంట్లో పిల్లలున్నారా అని అడుగు. షెడ్లలో ఉండే ఒడిశా, అస్సాం కుటుంబాలు కూడా నీ లెక్కలోనివే. గీత గీశాక వాళ్లు అందులోనే ఉండిపోతారు. వాళ్ల బియ్యం ఎవరు తెస్తారు? యజమానికి తన దుఃఖం తనకుంటుంది, గుర్తురాదు.

గొయ్యి విషయం. పుస్తకంలో లోతు రాసి ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాడు మన నేల తవ్వలేదు. కాలవ పక్కన నాలుగడుగులు దిగితే నీరు ఊరుతుంది. ఆ కాలవ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి. మెరక చూసుకో, దొరక్కపోతే పక్క ఊళ్లోనైనా అడుగు. సున్నం చాలినంత వచ్చాకే జేసీబీని పిలువు. గోతులు ఎక్కడ తవ్వించావో నీ పుస్తకంలో రాసుకో. మూడేళ్లకి అక్కడ ఇంటి స్థలాలు వేస్తారు, మనవాళ్ల సంగతి తెలుసుగా.

బస్సులో మా పక్కింటి కుర్రాడి చేత గంబూట్లు పంపుతున్నాను. నీకు రెండు నంబర్లు పెద్దవి, రెండు జతల మేజోళ్లు వేసుకుంటే సరిపోతాయి. అత్తయ్య పూతరేకులు కూడా పెట్టింది, బూట్ల పక్కన కాదులే, విడిగానే.

ఇంకొక పని. ఆనాటి రైతు పోయాడు. బడిలో ఒక్కడే బెంచీ మీద కూర్చున్న ఆ అబ్బాయి ఇప్పుడు నీ మండలంలోనే చిన్న షెడ్డు పెట్టాడని తెలిసింది. పేరూ, ఊరూ వేరే చీటీ మీద రాసి బూట్లో పెట్టాను. ఊరికే ఒకసారి వెళ్లి కోళ్లు చూసిరా, నీ నంబరు ఇచ్చిరా. నా పేరు మాత్రం చెప్పకు.

ఇట్లు,
మావయ్య